అడవి హద్దు – చేని గట్టు

భద్రాచలము నుండి గోదావరి ఎడమగట్టు వెంబడి ఎగువకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమున, పర్ణశాల గ్రామము కలదు. శ్రీరాముడు వనవాస కాలమున సీతాలక్ష్మణ సమేతుడై ఇచట కుటీరము కట్టుకొని వసించెనని స్థలపురాణము. సీతమ్మ చీరలు ఆరవేసిన బండలను, సీతవాగును యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు. బంగారులేడి వచ్చినదియు ఇచటికే యని జనుల విశ్వాసము. ఒక మృగము కారణముగ ఒక కాపురము కలతపడిన కథకు నెలవైన ఈ ప్రాంతమున, చరిత్ర కాలమునందును మృగములు, వృక్షములు, వానిని కాపాడ నెంచిన ప్రభుత్వములు, వాని నడుమ సేద్యము చేసికొను కుటుంబములు, ఈ నాలుగింటి పొత్తు సుఖముగ సాగలేదు. అడవిని రక్షింపవలెనని చేసిన శాసనములు మంచి తలంపుతో చేసినవే. కాని పెక్కు పర్యాయములు అవి తాము కోరని ఫలితములను తెచ్చిపెట్టినవి. ఆ వృత్తాంతము తెలిసికొనదగినది.

ముందుగా ఈ సీమ చేతులు మారిన తీరు చెప్పవలెను. ఎడమగట్టు తాలూకాలు 1860 వరకు నిజాము ఏలుబడిలో నుండెను. ఆ యేటి ఒడంబడికచే అవి ఆంగ్లేయుల వశమై, మధ్య పరగణాలలో చేరెను. 1874లో భద్రాచలము తాలూకా మదరాసు రాజధానియందలి గోదావరి జిల్లాకు బదలాయింపబడెను. నదికి ఆవలి గట్టు మాత్రము 1948 వరకు నిజాము రాజ్యముననే నిలిచెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో తెలంగాణము ఏర్పడినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది. దున్నువాడు మారకుండగనే, అదే పొలము ఇన్ని కచేరీల క్రిందకు పోయెను. ప్రతి ప్రభుత్వమును తనతోపాటు తన అటవీ విధానమును వెంటబెట్టుకొని వచ్చెను. ఇది ముందు ముందు రైతునకు ఎంత చిక్కు తెచ్చినదో క్రమముగ తెలియగలదు.

మధ్య పరగణాల కాలమున ఈ ప్రాంతపు కోయలును, కొండరెడ్లును పోడు కొట్టుకొనుటకు గొడ్డలి ఒక్కింటికి నాలుగణాల చొప్పున పన్ను చెల్లించెడివారు. ఒక గొడ్డలికి పన్ను కట్టినవాడు తాను కొట్టగలిగినంత మేర కొట్టుకొనవచ్చును. మదరాసు ప్రభుత్వము వచ్చిన పిమ్మట ఆ పన్ను ఇంచుమించు మూడింతలయ్యెను. కొన్ని తావులలో అసలు గొడ్డలి వేయరాదని నిషేధమును కలిగెను. 1879లో రంపలో చెలరేగిన తిరుగుబాటు రేకపల్లి సీమకు ప్రాకుటకు గల కారణములలో ఇది యొకటియని గోదావరి జిల్లా గెజిటీరే యొప్పుకొన్నది. టేకును మిగుల్చుకొనవలెనన్న కోరికకు ప్రభుత్వము పటాలములను నడిపించు వెచ్చమును కూడ జతచేసికొనవలసివచ్చెను.

1882లో మదరాసు అటవీ చట్టము వచ్చెను. ఒక ప్రదేశమును రక్షితారణ్యముగ చేయదలచినపుడు ముందుగా ప్రకటన వేయవలెను. అందు తమకు హక్కు గలదనువారు గడువులోగా అర్జీలు పెట్టుకొనవలెను. సెటిల్మెంటు అధికారి విచారించి తీర్పు చెప్పవలెను. పిదప హద్దురాళ్లు నాటవలెను. కాగితము మీద ఇది న్యాయమైన పద్ధతియే. కాని అర్జీ పెట్టవలసినవాని మాతృభాష కోయభాష; దానికి లిపి వాడుకలో లేదు. ప్రకటన చదివి చెప్పువాడు గ్రామమున లేడు. గడువు దాటిన పిమ్మట, తాతలనాటి చేను అడవియైనదని, హద్దురాయి కన్పట్టిన దినముననే పెక్కుమందికి తెలిసెను. గ్రంథాలయము లేని గ్రామమునకు గల నష్టములలో దీనిని లెక్కించువారు అరుదు.

నిజాము గట్టున జరిగినది మఱింత విచిత్రము. అచటి గోండుల, కోయల స్థితిగతులను 1940 ప్రాంతమున పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఒక సంగతిని గుర్తించెను. తేలికనేలలను కొన్నేండ్లు దున్ని, కొన్నేండ్లు బీడు విడుచుట గిరిజనుల ఆచారము. బీడుపడిన నేల మఱల సారము పుంజుకొనును. రక్షితారణ్యపు గీత గీయువారు వచ్చిన సంవత్సరమున ఏ నేల బీడుగ నున్నదో అది అడవిలో చేరిపోయెను. ఏ నేల దున్నబడుచున్నదో అది మిగిలెను. నేలకు విశ్రాంతి యిచ్చినవాడు నష్టపోయెను. విడువక పీల్చి పిప్పిచేసినవానికి పట్టా దక్కెను. ఇక మీదట భూమిని బీడు విడుచు సాహస మెవనికి కలుగును? నేల సారమును, అడవిని కూడ నిలిపిన ఆచారమునకు రక్షణ శాసనమే గొడ్డలిపెట్టయ్యెను. ఈ యొక్క దృష్టాంతమును గ్రహించినచో తక్కిన వృత్తాంతమంతయు సులభముగ బోధపడును.

పెద్ద భూస్వాముల విషయమున ఫలము ఇంకొక విధముగ నుండెను. 1948లో మదరాసు ప్రభుత్వము జమీందారీలను రద్దుచేయ శాసించినపుడు, అడవులు చేజారక ముందే అయినంత కలప సొమ్ముచేసికొందమని పెక్కు ఎస్టేట్లలో తొందరతో నరికివేతలు సాగెను. దానిని ఆపుటకై 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టము వచ్చెను; కలెక్టరు ముందనుమతి లేక అట్టి అడవిని అమ్మరాదు, నరకరాదు అని నిర్ణయించెను. శాసనము రాగలదన్న వార్త శాసనము కన్న వేగముగ నడచును. ఆ నడుమ దినములే అడవికి గండము.

చిన్నరైతు సంగతి వేఱు. అతని చేని గట్టున టేకుమొక్క తనంతట మొలచును. అది పట్టానేలయే, ఐనను మ్రానై ఎదిగిన పిమ్మట దానిని కొట్టుటకు, బండి కెత్తుటకు, ఊరు దాటించుటకు వరుసగ అనుమతులు కావలయును. సర్వేయరు వచ్చి అది పట్టాలోనిదో, అడవిలోనిదో తేల్చవలెను. హద్దు ప్రక్కనే పొలమున్నవానికి ఈ పరీక్ష కఠినతరము. అందుచే టేకును పెంచుటకు రైతు జంకును. 1979 ప్రాంతమున భద్రాచలమునకు ఎదుటి గట్టున సారపాకలో కాగితపు మిల్లు పని ప్రారంభించెను; పిమ్మట ఈ చుట్టుపట్ల రైతులు జామాయిలును విస్తారముగ వేసిరి. త్వరగ చేతికందుట, కొనువాడు దగ్గరనుండుట అందులకు ముఖ్య కారణములు. టేకునకు గల తిప్పలు దానికి లేకుండుటయు స్వల్ప కారణము కాదు. టేకును కాపాడు నిబంధన చేని గట్టున టేకు లేకుండ జేసినదనుట అతిశయోక్తి కాదు.

1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు ఈ భయమును ఇంకను పెంచెను. ఎవరి యాజమాన్యమున నున్నను, నిఘంటువునందలి యర్థమున అడవి యనదగినదంతయు అడవియే యని, అచట అటవీతర కార్యములకు కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలయునని ధర్మాసనము నిర్ణయించెను. దేశమున విచ్చలవిడిగ సాగుచున్న నరికివేతను ఆ ఉత్తరువు చాలవరకు అరికట్టెను. ఆ మేలు కాదనరానిది. నిఘంటువునకు ఇంతటి అధికారము అంతకు ముందెన్నడును లభించి యుండలేదు. కాని తన బీడున తుప్పను పెరుగనిచ్చిన రైతునకు, రేపు అది అడవి యగునేమో యను శంక పుట్టినచో అతనిని తప్పుపట్టుట కష్టము.

ఇక మృగరక్షణ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. దాని ననుసరించి పర్ణశాలకు నది కావలి వైపున, పాల్వంచ చెంత, 1977లో కిన్నెరసాని అభయారణ్యము ఏర్పడెను; విస్తీర్ణము సుమారు 635 చదరపు కిలోమీటర్లు. దిగువ గోదావరి గట్టుల పాపికొండల అభయారణ్యము 1978 నాటిది. 2008లో అది జాతీయవనమయ్యెను. దుప్పి, కణుజు, అడవిదున్న, ఎలుగు వీనికి ఆ వనములు ఆశ్రయములు. అవి లేకున్న ఈ మృగములలో కొన్నింటిని నేటి బాలురు బొమ్మలలోనే చూడవలసి యుండెడిదేమో.

ఐతే ఆ చట్టపు 20వ సెక్షను ఒకటి కలదు. అభయారణ్యము చేయ సంకల్పించినట్లు ప్రకటన వెలువడిన దినము మొదలు, ఆ హద్దులలోని భూమిపై వారసత్వముగ తప్ప వేఱు విధమున ఎవరికిని క్రొత్తహక్కు సంక్రమింపదు. అనగా తండ్రి పొలము కొడుకునకు వచ్చును గాని, కూతురి పెండ్లికి దానిని అమ్మవలెనన్న కొనువానికి హక్కు కలుగదు. రెండు నెలలలోగా హక్కుదారులు అర్జీలు పెట్టుకొనవలెను, కలెక్టరు విచారించి పరిహార మిచ్చి భూమిని తీసికొనుటయో, హక్కును కొనసాగించుటయో చేయవలెను. ఈ విచారణ దేశమున పెక్కుచోట్ల దశాబ్దముల తరబడి ముగియలేదు. అందుచే 2003లో అమలునకు వచ్చిన సవరణయందు దీనికి రెండేండ్ల గడువు పెట్టవలసివచ్చెను. భూమి పోయినదని పరిహారము రాదు, పోలేదని అమ్ముకొననీయరు. రైతునకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఈ సెక్షను పక్షికే పగయైన కథ మధ్యప్రదేశమున శివపురి జిల్లాలోని కరేరాలో జరిగెను. బట్టమేక పిట్టను కాపాడుటకై 1981లో అచట 202 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమును ప్రకటించిరి. అది కీకారణ్యము కాదు; ముప్పదికి పైబడిన గ్రామముల పొలములు, పచ్చికబీళ్లు. మొదట రైతులు పక్షిని చూచి సంతోషించిరి. పిదప భూముల క్రయవిక్రయములు నిలిచిపోయినవి. రక్షణవలన కృష్ణజింకలు మందలుగ పెరిగి పంటలపై పడినవి. బట్టమేక యున్నంతకాలము తమ భూమి తమది కాదని జనులు తలపోసిరి. పక్షిపై నున్న ప్రేమ పగగ మారెను. 1990 దశకపు నడిమికి కరేరాలో ఆ పక్షి కన్పట్టుట మానెను. పక్షి లేని అభయారణ్యమును రద్దుచేయుమని చివరకు రాష్ట్ర ప్రభుత్వమే కోరవలసివచ్చెను.

తెలుగునాట కర్నూలు సీమలోని రోళ్లపాడు వృత్తాంతము దీనికి చెల్లెలు వంటిది. 1988లో ఏర్పడిన ఆ అభయారణ్యము కేవలము 6.14 చదరపు కిలోమీటర్లు. గడ్డిభూమికి కంచె వేసి కాపాడగా కృష్ణజింకలు వృద్ధిపొందినవి. అవి కంచె లోపలి గడ్డితో తృప్తిపడక చుట్టునున్న పైరులపై పడెను. బట్టమేకకు చుట్టుపట్ల మెట్టపొలములును ఆహారస్థానములే. ఆ పొలముల యజమానులే విసిగినచో కంచెలోని నేల దానికి చాలదు. నీటిపారుదలతో పంటలు మారుటయు తోడై, అచట ఆ పక్షి నానాటికి అరుదైపోయెను.

కొల్లేరు కథ అందరెఱిగినదే గాన సంగ్రహముగ చెప్పిన చాలును. 1999 అక్టోబరు 4వ తేదీ ఉత్తరువుతో +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమయ్యెను. అందు 14,000 ఎకరములకు పైబడి జిరాయితీ భూమి చిక్కుకొన్నది. 2006లో చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. సరస్సు ఊపిరి పీల్చుకొన్నమాట నిజము. పట్టాదారు చేతిలో మాత్రము పన్ను రసీదు తప్ప మఱేమియు మిగులలేదు. +3 కాంటూరునకు కుదింపుమని 2008లో శాసనసభ తీర్మానించెను. పక్షుల పేరిట తగవు పక్షులను విడిచి అంకెల మీదకు పోయెను.

ఈ దోషము ఈ దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1973లో అంతరించుచున్న జీవజాతుల చట్టము వచ్చెను. ఉత్తర కరొలైనా రాష్ట్రమున ఒక జాతి వడ్రంగిపిట్ట ముదురు పైను వృక్షములయందే గూడు చేసికొనును. పిట్ట వాలిన తోటలో చెట్టు కొట్టరాదు. తోటల యజమానులు ఏమి చేసిరి? పిట్ట కింపగునంతటి వయసు రాకముందే చెట్లను కొట్టి అమ్ముకొనిరి. పిట్ట గూళ్లకు దగ్గరనున్న తోటలలో ఈ తొందర అధికమని డీన్ ల్యూక్, జెఫ్రీ మైకేల్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన పరిశోధనలో లెక్కలతో చూపిరి. ఐతే ఆ దేశమువారు ఒక ఉపాయమును కనుగొనిరి. 1995లో ఆ రాష్ట్రముననే మొదలైన పథకము ననుసరించి, ఇప్పుడున్న గూళ్లను కాపాడుటకు యజమాని ఒప్పుకొన్నచో, ఇకముందు క్రొత్తగ వచ్చు పిట్టల కారణమున అతనిపై అదనపు నిర్బంధముండదు. పిట్ట రాక శిక్ష కాకుండ చేసిరి.

ప్రాచీనులు ఈ చిక్కు నెఱుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అభయవనముల ప్రస్తావన కలదు. అందలి మృగములను చంపినవానికి దండనయు కలదు. ఆ చోటనే, అభయవనచరములలో దుష్టమైనవానిని రక్షితస్థలమునకు వెలుపల బంధింపవచ్చుననియు, చంపవచ్చుననియు కూడ వ్రాసి యున్నది. ఇంగ్లండున రాజు వేటయడవుల చట్టములు జనులను పీడింపగా, 1217లో అడవి శాసనపత్రము వెలువడి, లేడి నిమిత్తము ఎవరి ప్రాణమును, అవయవములను తీయరాదని విధించెను.

పర్ణశాల చుట్టుపట్ల గ్రామములలో నేటి ముఖ్యశత్రువు పులి కాదు, అడవిపంది. వరి, మొక్కజొన్న, వేరుసెనగ చేలను ఒక్క రాత్రిలో ఉఴ్ఴాడించి పోవును. మంచె కట్టి, డబ్బా వాయించి, వడిసెల త్రిప్పి రాత్రులు మేల్కొనుట అడవి చేరువ రైతునకు సేద్యములో భాగమే. 1972 చట్టమున ఆస్తికి హాని చేయు జంతువు విషయమై అనుమతి పొందు మార్గము లేకపోలేదు. కాని ఆ అనుమతి అర్జీ మీద, విచారణ మీద వచ్చునది, పంది రాత్రికి రాత్రి వచ్చునది. అందుచే కొందరు చాటుగ విద్యుత్తు తీగెలను చేని చుట్టు లాగుచున్నారు. ఇది నేరము, నేరము మాత్రమే కాదు, ఘోరము. ఆ తీగెకు పంది యేమి, దుప్పి యేమి, పులి యేమి, తెల్లవాఱుజామున నీరు కట్టబోవు ప్రక్కచేని రైతేమి. ఇట్టి మరణములు ఏటేట పత్రికలకెక్కుచునే యున్నవి. పొలము విసిగి అమ్మివేయుదమన్న, 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారము ఏజెన్సీలో గిరిజనునకే అమ్మవలెను. గిరిజనుని భూమిని కాపాడిన ఆ నిబంధన ఆవశ్యకమైనదే. ఐనను పందులు పాడుచేయు హద్దుచేనిని కొనువాడు ఆ చిన్న వలయములో దొరకుట దుర్లభము.

2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము పాత అన్యాయమును సరిదిద్దుదునని తన పీఠికయందే పలికెను. 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న అటవీభూమికి, కుటుంబమునకు నాలుగు హెక్టారులకు మించకుండ, హక్కు నిచ్చుటకు నిర్ణయించెను. ఇందును ఒక ముల్లు దాగియున్నది. హక్కుపత్రము సాగునకు లభించునే గాని, సాగు మానుకొన్నందులకు లభింపదు. అధికారి మాట విని గొడ్డలి దించి, చేను విడిచివచ్చినవానికి చూపుటకు సాగు లేదు. దండుగ కట్టుచు, కేసులు మోయుచు కొట్టుకొన్నవానికి ఆ కేసు కాగితమే సాక్ష్యము. ముందు ముందు మఱల పట్టాలు రాకపోవునాయని గడువు దాటిన పిమ్మట గూడ అడవిని నరికినవారున్నారు. ఒకవైపు 2015లో హరితహారము మొదలై, పోడు నేలలో మొక్కలు నాటబోయిన సిబ్బందికిని, సాగుదారులకును ఘర్షణలు కలిగెను. 2022 నవంబరున ఈ జిల్లాలోనే చంద్రుగొండ మండలమున అటవీ రేంజి అధికారి యొకరు, మొక్కలను కాపాడబోయి, హతులైరి. కర్తవ్యము నిర్వర్తించుచున్న ఉద్యోగి ఇంటను, నేల పోవునని భయపడిన బీదవాని ఇంటను ఒకే కారణమున దీపమాఱెను.

2019 ఫిబ్రవరి 13న, హక్కు నిరాకరింపబడినవారిని ఖాళీచేయింపుమని సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆ నెల 28న తానే ఆ ఆదేశమును నిలిపివేసెను. 2023 జూనులో తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాల పంపిణీ నారంభించెను. సుమారు 1,51,000 మందికి 4,06,000 ఎకరములపై హక్కుపత్రము లొసగ నెంచిన ఆ పంపిణీలో అత్యధిక భాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకే వచ్చెను. ఇది గిరిజనుల మాట. అడవినంటి బ్రదుకు గిరిజనేతరులు మాత్రము మూడు తరములుగ, అనగా 75 ఏండ్లుగ, తామచటనే నివసించుచున్నట్లు చూపవలెను. ఈ గట్టున అట్టి కాగితము కావలెనన్న ఎచట వెదకవలెను? మధ్య పరగణాల దస్తావేజు లొకచోట, మదరాసువి ఒకచోట, తూర్పు గోదావరివి కాకినాడయందు, తరువాతివి ఖమ్మమునందు, ఇప్పటివి కొత్తగూడెమునందు నుండును.

చట్టము క్రింద చేసిన నియమములలో 13వది ఈ కష్టమును కొంత తలంచినది. దాని ప్రకారము ప్రభుత్వ దస్తావేజులు మాత్రమే సాక్ష్యము కావు. పొలమునకు వేసిన గట్లు, త్రవ్విన బావులు, పూర్వుల సమాధులు, వేల్పుల తావులు కూడ సాక్ష్యములే. అర్జీదారు కాని గ్రామవృద్ధుడు చెప్పిన మాటయు, వ్రాతలో పెట్టినచో, సాక్ష్యమగును. గ్రామసభ దానిని విచారించి తీర్మానపు పుస్తకమున నెక్కింపవలెను. దుమ్ముగూడెము ఆనకట్ట పనులలో రాళ్లు మోసినవారి మనుమలు, చేతికఱ్ఱతో తమ తాత చేని మూలను చూపగలవారు, ఈ గట్టు పల్లెలలో ఇప్పటికి కొందఱే మిగిలియున్నారు. వారి మాటలను వ్రాసికొనుటకు కాగితమును, వ్రాయనేర్చిన యువకుడును చాలును.